పోస్టు లేపేశారా? ముందు ఎవరు లేపేశారో తేల్చుకోండి

పొద్దున లేచి ఫోన్ చూస్తే నిన్న పెట్టిన వీడియో లేదు. దాని చోట నాలుగు ముక్కల మెసేజ్: 'మా ప్రమాణాలకు విరుద్ధంగా ఉన్నందున తొలగించాం.' నల్లగొండ గడియారం సెంటర్‌లో మైకు పట్టుకుని లోకల్ న్యూస్ చేసేవాళ్లకైనా, దేవరకొండ దిక్కు తండాల్లో రీల్స్ చేసే పిల్లలకైనా ఇది ఎప్పుడో ఒకసారి ఎదురయ్యేదే. అప్పుడు మనోళ్లు చేసే మొదటి పని 'నా గొంతు నొక్కేశారు' అని స్టేటస్ పెట్టడం. రెండో పని అదే వీడియోను మళ్లీ ఎక్కించడం. నేను రెండూ చేశాను. స్టేటస్‌కు నలభై మంది అయ్యో అన్నారు. రెండోసారి ఎక్కించిన వీడియో గంటలో పోయి, అకౌంట్‌కు వారం రోజులు తాళం పడింది.

అందుకే ఈ వరుసలో వెళ్లండి.

ముందు ఏదీ ముట్టుకోకండి. భయపడి వీడియో డిలీట్ చేసేవాళ్లు చాలామంది. యూట్యూబ్‌లో స్ట్రైక్ (నియమం తప్పినందుకు చానల్ మీద వేసే శిక్ష) పడ్డాక వీడియో డిలీట్ చేసినంత మాత్రాన స్ట్రైక్ పోదు. వచ్చిన నోటీసును మొత్తం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఏ నియమం కింద తీశారు, ఏ తేదీ, ఏ టైమ్, రిఫరెన్స్ నంబర్ ఉంటే అది, పోస్టు లింకు, ఇవన్నీ అందులో పడాలి. వాటిని మీ మెయిల్‌కే పంపుకోండి, ఫోన్ పోయినా ఉంటాయి. ఒరిజినల్ ఫైలు వెతికి పక్కన పెట్టుకోండి. వాట్సాప్‌లో తిరిగి తిరిగి నలిగిన కాపీ కాదు, కెమెరాలో తీసిన అసలు ఫైలు.

తర్వాత, ఎవరు తీశారో తేల్చుకోండి. అసలు కథంతా ఇక్కడే ఉంది. పోస్టు కనబడకపోవడానికి కారణాలు నాలుగైదు ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో తలుపు. మీరు తప్పు తలుపు దగ్గర నిలబడి ఎంత తట్టినా ఎవరూ తీయరు.

కంపెనీ తన నియమాల కింద తీసి ఉండొచ్చు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'అకౌంట్ స్టేటస్' చూడండి. యూట్యూబ్‌లో అయితే స్టూడియోలో ఆ వీడియో ఎదురుగా 'రిస్ట్రిక్షన్స్' దగ్గర కారణం ఉంటుంది, మెయిల్ కూడా వస్తుంది.

పాట వల్ల పోయి ఉండొచ్చు. పెళ్లి బరాత్, బోనాలు, గణేశ్ నిమజ్జనం ఏది తీసినా వెనక డీజేలో సినిమా పాట మోగుతుంటుంది. ఇది మాట్లాడే స్వేచ్ఛ గొడవే కాదు, కాపీరైట్ గొడవ. దాని సంగతి తర్వాత చెప్తాను.

ప్రభుత్వమో కోర్టో చెప్పి తీయించి ఉండొచ్చు. దీన్ని పట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది. దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న మీ బావమరిదికి లింకు పంపండి. మనవాళ్లు ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉంటారు కదా. అక్కడ తెరుచుకుని ఇక్కడ మాత్రం 'మీ దేశంలో అందుబాటులో లేదు' అని వస్తే, చట్టపరమైన ఆదేశం మీద ఇండియాలో ఆపారని అనుమానించాలి.

గ్రూపు అడ్మినే తీసి ఉండొచ్చు. వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరికీ పోయేలా డిలీట్ చేయగలడు. 'వాట్సాప్ వాళ్లు నా పోస్టు తీసేశారు' అని పోయిన సర్పంచ్ ఎన్నికలప్పుడు ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. చూస్తే కింద అడ్మిన్ పేరే ఉంది, అడ్మిన్ వాళ్ల మేనమామ.

ఇక ఎవరూ ఏమీ తీయకుండా, చూసేవాళ్లు ఒక్కసారిగా తగ్గిపోవడం ఇంకోటి. పదివేల వ్యూస్ వచ్చే పేజీకి రెండు వందలు వస్తాయి. ఏదైనా పరిమితి పెట్టారేమో అకౌంట్ స్టేటస్‌లో చూసుకోండి. అక్కడేమీ లేకపోతే అప్పీలు చేయడానికి నిర్ణయమంటూ ఏదీ లేదు. దీని మీద టెన్షన్ పడి లాభం లేదు.

కంపెనీ నియమం కింద పోతే అప్పీలు చేయాలి. చాలామంది నెగ్గేది, ఓడేది ఇక్కడే, అందుకే కొంచెం నిదానంగా చెప్తాను.

నా సంగతే చూడండి. 2025 ఫిబ్రవరిలో పెద్దగట్టు జాతరకు వెళ్లాను. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల స్వామి జాతర. స్వామికి శాకాహార నైవేద్యం, చౌడమ్మకు యాటల (మేకల) బలి. భేరీల మోత, 'ఓ లింగా' అనే కేక, గంపలతో గుడి చుట్టూ తిరిగే జనం, అన్నీ కలిపి ఏడు నిమిషాల వీడియో చేశాను. అందులో ఓ చోట ఆరేడు సెకన్లు యాటను కోసే దృశ్యం పడింది. వీడియో పెట్టిన యాప్ దాన్ని 'హింసాత్మక, భయానక దృశ్యాలు' కింద తీసేసింది.

నేను రాసిన మొదటి అప్పీలు ఇది: 'మా దేవుణ్ణి అవమానిస్తారా? వేరేవాళ్ల వీడియోలు ఎందుకు ఉంచారు? వెంటనే పెట్టకపోతే మీ సంగతి చూస్తా.' నాలుగు నిమిషాల్లో తిరస్కరించారు. మరి ఎందుకు తిరస్కరించరు? అందులో వీడియో గురించి ఒక్క ముక్క లేదు. పైగా 'మీ సంగతి చూస్తా' అని బెదిరింపు ఒకటి.

రెండోసారి ఇలా రాశాను: 'ఇది తెలంగాణలోని సూర్యాపేట జిల్లా దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు జాతర వీడియో. లక్షల మంది వచ్చే సంప్రదాయ ఉత్సవం. వీడియో నిడివి 7 నిమిషాలు. 2 నిమిషాల 14వ సెకను నుంచి 2 నిమిషాల 21వ సెకను వరకు మేకను బలి ఇచ్చే దృశ్యం ఉంది. జంతువును హింసించి ఆనందించడం దీని ఉద్దేశం కాదు, ఆచారాన్ని చూపడమే. మీ నియమాల్లో మతపరమైన ఆచారాల సందర్భానికి ఉన్న మినహాయింపు దీనికి వర్తిస్తుందేమో చూడండి. ఆ ఏడు సెకన్లు తీసేయడానికి గానీ, వీడియో మీద హెచ్చరిక తెర పెట్టడానికి గానీ నాకు అభ్యంతరం లేదు.'

తేడా చూడండి. మొదటిది నా కోపం, రెండోది చూసేవాడికి కావలసిన సమాచారం. మీ అప్పీలు చదివే మనిషికి, ఒకవేళ మనిషే చదివితే, పెద్దగట్టు ఎక్కడుందో తెలియదు, చౌడమ్మ తెలియదు. తెలుగు తెలుసో లేదో కూడా మనకు తెలియదు. కాబట్టి ఊరు, సందర్భం, ఏ సెకను దగ్గర ఏముంది, ఏ నియమం ఎందుకు వర్తించదు, మీరు దేనికి ఒప్పుకుంటారు, ఇంతే రాయండి. తెలుగులో రాసి కింద అదే విషయం చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో కూడా పెట్టండి. కాలేజీ చదివే పిల్లలెవరైనా పది నిమిషాల్లో చేసి పెడతారు.

భాష దగ్గర ఇంకో మాట. మన మాట తీరుకు మిషన్లు బెదిరిపోతాయి. 'డిండి ప్రాజెక్టును బొందపెట్టారు' అంటే మనకు అది రాజకీయ విమర్శ. 'ఇట్ల రాస్తే తోలు తీస్త బిడ్డా' అని మేనమామ అంటే అది ముద్దు. అవే మాటలు విడిగా చూసేవాడికి హత్యా బెదిరింపులా కనబడొచ్చు. ఇలాంటి మాట మీద పోస్టు పోతే అప్పీలులో నిఘంటువు పనే చేయాలి: 'ఇక్కడ బొందపెట్టడం అంటే పనిని పూర్తి చేయకుండా వదిలేయడం. మనిషిని ఉద్దేశించింది కాదు.' సిగ్గుపడకండి, రాయండి.

భాష దగ్గర కంపెనీలు తప్పు చేస్తాయని నా ఒక్కడి మాటే కాదు. ఫేస్‌బుక్ నిర్ణయాల మీద తీర్పు చెప్పడానికి ఓవర్‌సైట్ బోర్డు అని ఒకటుంది. 2020 నవంబర్‌లో పంజాబీలో పెట్టిన ఒక ఇంటర్వ్యూ వీడియోను ఫేస్‌బుక్ తీసేసింది. కేసు బోర్డు చేతికి వెళ్లాక 'పొరపాటైంది' అని తిరిగి పెట్టింది. 2021 ఏప్రిల్‌లో బోర్డు ఆ తొలగింపును తప్పుబడుతూ, నియమాలను పంజాబీలో కూడా అందుబాటులో ఉంచాలని చెప్పింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో మీ అప్పీలు చివరి దాకా వెళ్లి ఓడిపోతే ఒక్కోసారి రిఫరెన్స్ నంబర్ ఇస్తారు. దాంతో 15 రోజుల్లోగా బోర్డుకు రాసుకోవచ్చు. వాళ్లు తీసుకునేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కేసులే. ఆశ పెట్టుకోకుండా రాయండి.

యూట్యూబ్ లెక్క వేరు. మొదటి తప్పుకు మామూలుగా హెచ్చరికతో వదులుతారు. తర్వాత స్ట్రైక్ పడితే వారం పాటు ఏమీ ఎక్కించలేరు. 90 రోజుల్లోపు రెండోది పడితే రెండు వారాలు. అదే 90 రోజుల్లో మూడోది పడితే చానల్ మొత్తం పోతుంది. ఆదాయం వచ్చే చానల్ అయితే రెండో స్ట్రైక్ దాకా ఆగకుండా మొదటిదానికే అప్పీలు చేయండి.

పాట గొడవ గురించి చెప్తానన్నాను. యూట్యూబ్‌లో 'కంటెంట్ ఐడీ క్లెయిమ్' (ఆ పాట మాదని మిషన్ ద్వారా పెట్టే దావా) వేరు, 'కాపీరైట్ స్ట్రైక్' వేరు. క్లెయిమ్ వస్తే చానల్‌కు దెబ్బ తగలదు, ఎక్కువగా ఆ వీడియో మీద వచ్చే డబ్బులు పాట హక్కుదారుకు పోతాయి. బరాత్ వీడియోకు వచ్చే డబ్బులు ఎంత గనక? వదిలేయండి, లేదా స్టూడియోలోనే ఆ పాట ముక్క వరకు మ్యూట్ చేయండి. వార్తలో భాగంగానో విమర్శ కోసమో కొద్ది సెకన్లు వాడి ఉంటే మాత్రం వాదించవచ్చు, మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అందుకు చోటిస్తుంది. మీరు డిస్ప్యూట్ వేస్తే అవతలివాళ్లకు జవాబివ్వడానికి 30 రోజులుంటాయి. స్ట్రైక్ పడితే 'కౌంటర్ నోటిఫికేషన్' (ఈ తొలగింపు తప్పని మీరిచ్చే జవాబు) ఇవ్వాలి. అందులో మీ అసలు పేరు, చిరునామా అవతలివాళ్లకు వెళ్తాయి, అది గుర్తుంచుకుని వేయండి.

అప్పీలు ఓడిపోతే చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇండియాలో ఇంకో రెండు మెట్లున్నాయి, మన జిల్లాల్లో వీటిని వాడినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

2021 ఐటీ నియమాల ప్రకారం ప్రతి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌ను, అంటే ఫిర్యాదులు చూసే అధికారిని పెట్టాలి, పేరు, మెయిల్ తన సైట్‌లో చూపాలి. 50 లక్షలకు పైగా వాడకందార్లున్న పెద్ద కంపెనీలైతే ఆ ఆఫీసర్ ఇండియాలో ఉండేవాడై ఉండాలి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. పరిష్కారానికి 2021లో పెట్టిన గడువు 15 రోజులు. ఈ గడువులను సవరణల్లో కుదిస్తూ వస్తున్నారు, కాబట్టి ఫిర్యాదు చేసే రోజున ఐటీ శాఖ సైట్‌లో తాజా నియమాలు ఒకసారి చూసుకోండి. పెద్ద కంపెనీ తనంతట తాను పోస్టు తీసినప్పుడు కారణం చెప్పాలని, మీ వాదన వినిపించుకునే అవకాశం ఇవ్వాలని కూడా ఆ నియమాల్లోనే ఉంది. మీకు కారణమే చెప్పకపోతే ఫిర్యాదులో మొదటి వాక్యం అదే రాయండి.

గ్రీవెన్స్ ఆఫీసర్ కాదన్నా, గడువులో పలకకపోయినా 30 రోజుల్లోగా గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లవచ్చు. 2022 సవరణతో కేంద్రం పెట్టిన కమిటీలు ఇవి, 2023 మార్చి నుంచి పనిచేస్తున్నాయి. జీఏసీ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఆన్‌లైన్‌లోనే వేయాలి, హైదరాబాద్ పోనక్కర్లేదు, ఢిల్లీ పోనక్కర్లేదు. నెల రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని నిబంధన. వాళ్లు చెప్పింది కంపెనీ పాటించాలి. ప్రభుత్వం వేసిన కమిటీ కదా, ప్రభుత్వాన్ని తిట్టిన పోస్టును తిరిగి పెట్టమంటుందా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. అయినా జాతర వీడియోకు, కరువు వీడియోకు, హ్యాక్ అయిన అకౌంట్‌కు పనికొచ్చే దారే.

ప్రభుత్వ ఆదేశం మీద పోయిన పోస్టుకు ఈ దారులేవీ పనిచేయవు. ఐటీ చట్టం 69ఎ కింద కేంద్రం బ్లాక్ చేయించగలదు, ఆ ఆదేశాలు రహస్యంగా ఉంచాలని 2009 నియమాల్లో ఉంది. 79వ సెక్షన్ కింద 'సహయోగ్' పోర్టల్ ద్వారా కూడా అధికారులు కంపెనీలకు నోటీసులు పంపుతున్నారు. దాన్ని ఎక్స్ (పాత ట్విట్టర్) కంపెనీ సవాలు చేస్తే 2025 సెప్టెంబర్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. మీరు చేయగలిగింది, ఏ ఆదేశం, ఏ శాఖ నుంచి వచ్చిందో చెప్పమని కంపెనీకి మెయిల్ రాయడం, దాన్ని పట్టుకుని లాయర్‌ను కలవడం, అవసరమైతే హైకోర్టులో రిట్ వేయడం. డబ్బుల్లేవని ఆగిపోకండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టుల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు లాయర్‌ను ఉచితంగా ఇస్తారు, ఫోన్ నంబర్ 15100.

ఇక్కడ 'నా వాక్ స్వాతంత్ర్యం' అనే మాట వస్తుంది. రాజ్యాంగం 19(1)(ఎ) ఇచ్చిన హక్కు ముఖ్యంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేది. కంపెనీ తన నియమం కింద వీడియో తీస్తే అప్పీలులో 19వ అధికరణం గురించి పేజీలకు పేజీలు రాసి లాభం లేదు, వాళ్ల నియమం వాళ్లకే చూపించి వాదించాలి. అదే పోలీసో కలెక్టరో తీయించారంటే 19 బయటికి తీయండి. ఆ హక్కుకూ హద్దులున్నాయి: దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువునష్టం, కోర్టు ధిక్కారం, నేరానికి రెచ్చగొట్టడం వంటివి 19(2)లో రాసి ఉన్నాయి. ఆ జాబితాలో 'నాయకుడి మనసు నొచ్చుకోవడం' లేదు. ఈ గడ్డ మీద ఒకప్పుడు మీటింగు పెట్టాలన్నా గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద నిజాం సర్కారు పర్మిషన్ కావాల్సి వచ్చేది. ఆ పాలనలోనే 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడిపినవాళ్లు ఉన్నారు. మనకు పోయింది ఒక రీల్.

పోస్టు మీద పోలీసుల ఫోన్ వస్తే కాళ్లూ చేతులూ ఆడవు, అది సహజం. 'ఒకసారి స్టేషన్‌కు వచ్చిపో' అంటే 'సార్, ఏ కేసులో, నోటీసు ఇస్తారా' అని మర్యాదగా అడగండి. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) కింద రాతపూర్వక నోటీసు ఇచ్చే పద్ధతి ఉంది. నోటీసు వచ్చాక పోస్టు డిలీట్ చేసి సాక్ష్యం మాయం చేశారనిపించుకోకండి, ముందు లాయర్‌ను అడగండి. ఎవరైనా ఇంకా ఐటీ చట్టంలోని '66ఎ పెడతా' అని బెదిరిస్తే, ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసిందని చెప్పండి. మన తెలంగాణ హైకోర్టు కూడా 2025 సెప్టెంబర్‌లో సోషల్ మీడియా పోస్టుల మీద కేసులు కొట్టేస్తూ పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఫిర్యాదు చేసినవాడికి అందులో నష్టం జరిగిందా చూడాలి, ప్రాథమిక విచారణ చేయాలి, రాజకీయ విమర్శ మీద యాంత్రికంగా కేసు కట్టొద్దు అని. ఆ తీర్పు కాపీ ఒకటి ఫోన్‌లో పెట్టుకోండి, పని చేస్తుంది.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ జిల్లాల్లోనే చూశాం. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా వచ్చిందని వాట్సాప్‌లో వీడియోలు తిరిగినప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో జనం రాత్రిళ్లు ఊరు దాటడానికి భయపడ్డారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లకు పంపారు, కళాకారులతో పాటలు పాడించి ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. వేరే రాష్ట్రాల్లో అలాంటి వదంతులకు మనుషుల్ని కొట్టి చంపారు. ఆ ఏడాదే వాట్సాప్ ఇండియాలో ఒకసారికి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెట్టింది. అలాంటి ఫార్వర్డ్ పోతే దానికి అప్పీలు చేయకండి.

మీరే అడ్మిన్ అయితే: సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్‌ను ఊరికే బాధ్యుణ్ణి చేయలేమని బాంబే, కేరళ హైకోర్టులు చెప్పాయి. అయినా ఊరికి నిప్పు పెట్టే మెసేజ్ కనబడితే డిలీట్ చేయండి, ఎందుకు చేశారో గ్రూపులో ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం రాయకపోతే మీరు మేనమామ అయినా పంచాయితీ తప్పదు. ఎవరిదైనా ఆడపిల్ల ఫొటోనో వీడియోనో అయితే ఆలోచించకుండా రిపోర్ట్ కొట్టి, కుటుంబంతో సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయించండి. ఆ వ్యక్తి తరఫున ఫిర్యాదు వస్తే కంపెనీ తీసేయడానికి 2021 నియమాల్లో 24 గంటల గడువు పెట్టారు, 2026లో దాన్ని 2 గంటలకు కుదించారు. ఆ ఫొటోను 'చూడండి ఎంత దారుణమో' అని మీరు ఇంకో గ్రూపులో వేయకండి.

నా జాతర వీడియో గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాసిన పన్నెండో రోజున తిరిగి వచ్చింది, మీద బూడిద రంగు తెరతో. తెర మీద నొక్కితేనే వీడియో కనబడుతుంది. అప్పటికి గుట్ట మీద టెంట్లు కూడా పీకేశారు, చూసినవాళ్లు మూడు వందల చిల్లర. ఈసారి 2027లో పోతే చౌడమ్మ గుడి దగ్గర కెమెరాను భేరీల వైపు తిప్పి పెడదామని ఉంది. ఆ ఏడు సెకన్లు కావాలంటే ఇంకో ఫైలులో వేరుగా తీసుకుంటా.